గోడ దాటని అన్నం: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

వార్షిక సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు నేను రెండో మాట లేకుండా ఒప్పుకున్నాను. నేను రచయితను కాను. నల్లగొండ జిల్లాలో ఒక మెట్ట ఊరి రైతు బిడ్డను. బి.యస్సీ.లో జీవరసాయన శాస్త్రం చదువుతూ, అమీర్‌పేటలో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. అయినా ఈ మనిషి గురించి రాయడానికి నాకొక కారణం ఉంది. అది మా ఇంటి సంగతి. ముందు అది చెప్పి తర్వాత ఆయన దగ్గరికి వస్తాను.

మా అమ్మకు మూడేళ్ళుగా కీళ్ళవాతం. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, బర్రె పాలు పిండలేదు. పోయినేడు ఆమెను పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ రెండు రకాల గోలీలు రాశారు. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ ఆమ్లం, మిగతా రోజుల్లో వేసుకోవాలి. రెండూ చిన్నవే, రెండూ పసుపుపచ్చనివే. గదికి వచ్చి వాటిని రెండు కాగితపు కవర్లలో పెట్టి మీద రాసింది నేనే. వారానికి ఒకటి అని రాయాల్సిన కవరు మీద రోజుకు ఒకటి అని రాసిందీ నేనే. ఆ సమయానికి నాయిన ఫోనులో ఉన్నాడు. ఈ సైన్సు చదువుతో ఏమొస్తది, నీ గది కిందనే కంప్యూటర్ కోర్సులు చెప్తరట గదా, దాంట్ల చేరు, ఫీజుకు అప్పో సప్పో నేను తెస్తా అంటున్నాడు. అమీర్‌పేటలో ఉన్నవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా అదే రాసి ఉంటుంది. నేను ఊఁ కొడుతూ కవర్ల మీద రాశాను.

ఆరో రోజుకు అమ్మ నోరంతా పుండ్లు. అన్నం మింగలేదు, చివరికి మంచినీళ్ళు కూడా మింగలేదు. నాయిన ఎల్.బి. నగర్ దాకా బస్సులో, అక్కడినుంచి మెట్రోలో ఆమెను పంజాగుట్టకు తెచ్చాడు. డాక్టరమ్మ కవరు మీది రాత చూసి కాసేపు ఏమీ అనలేదు. ఆ గోలీ ఆపించి, రక్త పరీక్షలు చేయించి, విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇప్పించి అమ్మను ఆసుపత్రిలోనే ఉంచారు. నాలుగైదు రోజులకు అమ్మ గంజి తాగింది. అప్పుడు నన్ను పక్కకు పిలిచారు. తిడతారనుకున్నాను. ఏం చదువుతున్నావని అడిగారు, చెప్పాను. ఈ రెండు గోలీలూ ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనాలయంలోంచి వచ్చినవే, ఆయన పేరు తెలుసా అని అడిగారు. నాకు తెలియలేదు.

సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, అంతకు ముందు వారమే మన ప్రయోగశాలలో నేను ఫాస్ఫరస్‌ను కొలిచాను. పరీక్షనాళికలో చక్కని నీలం రంగు వచ్చింది. ఆ పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. రికార్డులో ఆ పేరు నా చేత్తోనే రాశాను. ఆ సుబ్బారో మన సుబ్బారావే అని నాకు తట్టలేదు. ఎవరో దొర అనుకున్నాను. అందుకే ఈ వ్యాసం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి అనారోగ్యం వల్ల ముందుగానే మానుకున్నారు. తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చేతిలో డబ్బు తక్కువ. 13 ఏళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బతుకుతానని ఇల్లు వదిలి బయలుదేరితే వెతికి పట్టుకొచ్చారని చెబుతారు. చదువులో ఆయన మనం అనుకునే మేధావి కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. ఈలోగా తండ్రి పోయారు. తల్లి ఒంటి మీది నగలు అమ్మి చదివించింది. మన కాలేజీలో సప్లిమెంటరీ రాస్తున్న మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు పోయింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంలో పెద్దలు వైద్యం చదివి రోగులకు సేవ చేయమని సలహా ఇచ్చారట. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఫీజుకు స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయపడ్డారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టి, శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు అంగీయే వేసుకున్నారు. అది ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు. దానికి ఒక మెట్టు కింది ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు ఇచ్చి పంపించారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం పట్టా సంగతి కాదు. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు చనిపోయారు. ఒకరు అన్న, ఒకరు తమ్ముడు. జబ్బు పేరు స్ప్రూ. పాత వైద్యులు గ్రహణి అనే జబ్బు కోవలోదే. మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలవుతాయి, నాలుక ఎర్రబడి పుండవుతుంది, రక్తం పల్చబడుతుంది, ఒళ్ళు చిక్కి శల్యమవుతుంది. అన్నం పేగులోనే ఉంటుంది, పేగు గోడ దాటి నెత్తురులోకి రాదు. గిన్నె నిండా అన్నం పెట్టుకుని ఆకలితో చావడమన్నమాట. డాక్టరు చదువు చదివిన తమ్ముడు, అన్న మంచం పక్కన కూర్చుని కూడా ఏమీ చేయలేకపోయాడు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకిందనీ, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం మందుతో బతికి బయటపడ్డారనీ అంటారు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు.

అన్నం గోడ ఎందుకు దాటలేదు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే ఆయన తర్వాతి జీవితమంతా నాకు ఒక దారిలో కనబడుతుంది. ఆయన ఆ ప్రశ్నను ఈ మాటల్లో వేసుకున్నారని నేను చెప్పడం లేదు. అమ్మ గంజి తాగిన రోజు నుంచి నాకు అలా అనిపిస్తున్నదంతే.

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. మూడేళ్ళలో వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. వాళ్ళిద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ మాట దాటేసిపోవడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ గొప్పతనానికి కట్టిన వెలలో సగం మద్రాసు రాష్ట్రంలో ఒక ఆడమనిషి కట్టింది.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదివారు. తిండికీ గదికీ రాత్రిపూట ఆసుపత్రిలో చాకిరీ చేశారు. తర్వాత హార్వర్డ్ వైద్య విద్యాలయం జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో వాళ్ళిద్దరూ కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. నెత్తురులో గాని, మూత్రంలో గాని ఫాస్ఫేట్ ఉంటే మాలిబ్డేటుతో కలుస్తుంది. దానికి క్షయకరణి చేర్చితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. మనం ప్రయోగశాలలో చేసేది అదే.

ఆ నీలం రంగే దారి చూపింది. అప్పటికి కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందనేది తేలిన విషయంగానే అందరూ అనుకునేవారు. గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లాల మీద పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావులు కండరంలోని ఫాస్ఫేట్‌ను కొలుస్తుంటే లెక్క కుదరలేదు. రంగు ఉండవలసిన దానికంటే నెమ్మదిగా, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతున్నది. ఏదో పదార్థం మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతున్నదన్నమాట. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాన్ని కనుక్కున్నారు. 1929లో అంతకన్నా పెద్దది దొరికింది. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, మనం ఏటీపీ అంటున్నది. జర్మనీలో లోహ్‌మాన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు కాబట్టి ఈ ఘనతను ఇరువైపులా పంచుకోవాలి. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పి.హెచ్.డి. ఇచ్చింది.

ఏటీపీకీ, గోడ దాటని అన్నానికీ సంబంధమేమిటి అని మిత్రులు అడగవచ్చు. ఇక్కడ కొంచెం పాఠం చెప్పుకోక తప్పదు.

మనం తిన్న పప్పులో, గుడ్డులో ఉన్న ప్రొటీన్లు కడుపులోనూ పేగులోనూ అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న చిన్న జతలుగా తెగుతాయి. అక్కడితో పని కాదు. పేగు లోపలి గోడ అంతా కణాలు. ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పొర. అమైనో ఆమ్లం ఆ కొవ్వు పొరలోంచి తనంత తాను సులువుగా దూరిపోలేదు. దానికి వాకిలి కావాలి. ఆ వాకిళ్ళు ప్రొటీన్లతో కట్టినవి. వాటిలో చాలావాటిని ఒక్క ప్రొటీను ముక్క నడపలేదు. రెండో, మూడో, ఐదో ఉపభాగాలు కూడితేనే పని జరుగుతుంది.

ఇది నాకు పుస్తకం కన్నా మా బావి దగ్గర బాగా అర్థమైంది. మా పొలంలో పాత మోటబావి ఉంది. ఇప్పుడు కరెంటు మోటరే గాని, గిరక బిగించిన రాతి స్తంభాలు ఇంకా ఉన్నాయి. మోట ఎట్లా తోలేవాళ్ళో మా తాత చెప్పేవాడు. బొక్కెన నీళ్ళలో మునిగి నిండుతుంది. మోకు గిరక మీదుగా పోతుంది. జోడెడ్లు వాలు బాట మీద కిందికి నడుస్తాయి. బొక్కెన పైకొచ్చి తొండంలోంచి నీళ్ళు కాలువలోకి పోస్తుంది. బొక్కెన లేకుంటే ఎడ్లు ఊరికే నడిచినట్టు. ఎడ్లు లేకుంటే బొక్కెన బావిలో ఉన్నట్టు. ఒంటెద్దుతో మోట నడవదు.

సాల్మోనెల్లా అనే బ్యాక్టీరియాలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని లోపలికి తెచ్చే యంత్రం సరిగ్గా ఇట్లాంటిదే. దాని మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో జియోవన్నా ఏమ్స్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పనిచేశారు. పొర బయట హిస్-జే అనే ప్రొటీను తిరుగుతూ హిస్టిడిన్‌ను పట్టుకుంటుంది. అది బొక్కెన. పొరలో హిస్-క్యూ, హిస్-ఎం అనే రెండు ప్రొటీన్లు కలిసి దారి కడతాయి. పొర లోపలి వైపు హిస్-పీ అనే ప్రొటీను రెండు ప్రతులు పక్కపక్కన ఉంటాయి. అవి జోడెడ్లు. వాటి మేత ఏటీపీ. చిత్రమేమిటంటే, ఇట్లాంటి యంత్రాలలో ఏటీపీ ఇమిడే చోటు ఏ ఒక్క ఎద్దుకూ పూర్తిగా సొంతం కాదు. గుంటలో సగం ఒక ప్రతిది, సగం రెండోదానిది. రెండూ దగ్గరికి వచ్చి ఏటీపీని మధ్యలో బిగిస్తాయి, తర్వాత దాన్ని విడగొడతాయి. ఆ కదలిక పొరలోని దారికి అందుతుంది, హిస్టిడిన్ లోపల పడుతుంది. బయట హిస్-జే నిండుగా వచ్చి ఆనితేనే లోపల ఎడ్లు జోరుగా నడుస్తాయి. 1989లో ఈ భాగాలను శుద్ధిచేసిన కొవ్వు బుడగల్లో పెట్టి, అమైనో ఆమ్లం లోపలికి పోతుంటే ఏటీపీ ఖర్చవుతున్నదని ఏమ్స్ బృందం చూపించింది. సుబ్బారావు ఏటీపీని వేరు చేసిన 60 ఏళ్ళకు.

మన పేగులో పద్ధతి కొంచెం వేరు. సోడియం-పొటాసియం పంపు ఒక్కో ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాసియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్కులో స్కో 1957లో దీన్ని గుర్తించాడు. ఇందులోనూ పని చేసే ఆల్ఫా భాగం, దాన్ని పొరదాకా చేర్చి నిలబెట్టే బీటా భాగం అని ఇద్దరున్నారు. బయట పేరుకున్న సోడియం మళ్ళీ లోపలికి వస్తూ చాలా అమైనో ఆమ్లాలను వెంటబెట్టుకొస్తుంది. చెరువు నింపేది ఒకరు, తూము కింద నీళ్ళు పారించేది ఒకరు.

ఇంకొక వాకిలి ఉంది. పేగులోనూ మూత్రపిండంలోనూ సిస్టిన్, లైసిన్, ఆర్జినిన్‌ల వంటివాటిని లోపలికి తెచ్చేది. దానిలో రెండు ప్రొటీన్లు గంధకపు బంధంతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. తేలిక ముక్క సరుకు మోస్తుంది. బరువు ముక్క సరుకు ముట్టదు, కాని అది చేయిపట్టుకుని తీసుకుపోతే తప్ప తేలిక ముక్క పొర దగ్గరికే చేరదు. ఈ రెండింటిలో ఏది చెడినా జబ్బు ఒకటే, సిస్టినూరియా. మూత్రంలో సిస్టిన్ మిగిలిపోయి మూత్రపిండాల్లో రాళ్ళవుతాయి. బరువు ముక్క జన్యువులో లోపం వల్ల ఈ జబ్బు వస్తుందని 1994లో తేలింది, తేలిక ముక్క సంగతి 1999లో తెలిసింది. మోసేవాడు తప్పినా రాయే, తోడుపోయేవాడు తప్పినా రాయే.

మళ్ళీ మన కథానాయకుని దగ్గరికి వద్దాం. ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. పేరు ముందు పడేది ఫిస్కేకు. అప్పట్లో అదే విభాగంలో పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తర్వాత ఒక సంగతి బయటపెట్టాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే వెలుగు చూడనీయలేదనీ, ఏళ్ళ తర్వాత వాటిని వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ దాని సారాంశం. సుబ్బారావు మాత్రం బహిరంగంగా తగాదా పడలేదు. తన పేరు కోసం సభలకెక్కే స్వభావం ఆయనది కాదు.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. తర్వాత అక్కడ పరిశోధనల విభాగానికి అధిపతి అయ్యారు. పాత ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. 1931లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు చూపించారు. ఆ సారంలో ఉన్నదేమిటో ఆవిడకు తెలియలేదు. సుబ్బారావు బృందం కాలేయంనుంచి, సూక్ష్మజీవులనుంచి ఆ పదార్థాన్ని తీసి, నిర్మాణం విప్పి, 1945 ప్రాంతంలో కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. ఆ అణువు తోకకు గ్లుటామిక్ ఆమ్లమనే అమైనో ఆమ్లం ఉండడం నాకు భలే అనిపిస్తుంది. స్ప్రూ రోగులకు ఇస్తే నాలుక మానింది, ఆకలి పుట్టింది, నెత్తురు పెరిగింది. పేగు గోడ కణాలు రోజుల్లోనే పాతబడి రాలిపోతూ కొత్తవి పుడుతుంటాయి. కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ కావాలి. అది లేకపోతే గోడే పాడవుతుంది, వాకిళ్ళు ఎక్కడ నిలుస్తాయి? అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు ఆ మందు ఆయన చేతికి వచ్చింది.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లంలాగే కనబడుతూ దాని పనిని అడ్డుకునే అణువులను కూడా అదే బృందం తయారుచేసింది. అవి ఫోలేట్ వెళ్ళే వాకిలిలోంచే కణంలోకి దూరి, లోపల కొత్త కణం పుట్టుకను ఆపుతాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రచురించిన లెక్క ప్రకారం 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. మోతాదు తగ్గించి వారానికొకసారి ఇస్తే కీళ్ళవాతానికి పనికొస్తుందని తర్వాతి వైద్యులు తేల్చారు. వారానికొకసారి అనే మాటలోనే మందుకూ విషానికీ మధ్య గీత ఉంది. నేను చెరిపింది ఆ గీతనే. తొందరగా పుట్టి తొందరగా రాలే నోటి కణాలూ పేగు కణాలూ ముందు దెబ్బతిన్నాయి. అమ్మ నోట్లో పుండ్లు స్ప్రూ రోగి నాలుకకు చుట్టాలే. దారి వేరు, గోడ ఒకటే.

ఆయన అధిపతిగా ఉన్నప్పుడే బోదకాలుకు డై ఇథైల్ కార్బమజీన్ వచ్చింది, 1947లో. బడిలో చదివేటప్పుడు మా ఊరికి వచ్చి ఆశా అక్క మింగించిన గోలీ అదే. ఆ పరిశోధనాలయంలోనే వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు, 1948లో అది ప్రపంచానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. పత్రాల మీద డగ్గర్ పేరుంది, ఇంకా ఎందరో రసాయన శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి. చాలాచోట్ల సుబ్బారావు పేరు లేదు. బరువు ముక్క సరుకు ముట్టదని పైన రాశాను కదా, అది రాసేటప్పుడు నాకు గుర్తొచ్చింది ఈయనే. వయసులో ఉన్నప్పుడు ఫిస్కే పక్కన సరుకు మోశారు. పెద్దయ్యాక ఇతరులను చేయిపట్టి వాకిలిదాకా తీసుకుపోయారు. రెండుచోట్లా లోకానికి కనిపించలేదు.

1948 ఆగస్టులో అమెరికాలోనే, నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు, ఆయన వచ్చి చూడలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది. నోబెల్ రాలేదని మనవాళ్ళు బాధపడుతుంటారు. నాకు ఆ బాధ కన్నా వేరే బాధ ఉంది. జీవరసాయన శాస్త్రం చదివే తెలుగు పిల్లవాడు ఆయన పద్ధతితో నీలం రంగు తెప్పించి, ఆయన మందును తన తల్లికిచ్చి, ఆ రెండింటికీ వెనుక ఉన్న మనిషిని ఎరగకపోవడం. ఆ పిల్లవాణ్ణి నేనే కాబట్టి వేరే ఎవరినీ తప్పుపట్టలేను.

ఇప్పుడు అమ్మ మళ్ళీ మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మ చదువుకోలేదు. ఈసారి నేను కవరు మీద ఏమీ రాయలేదు. ఎట్లా గుర్తుపెట్టుకుంటావమ్మా అని అడిగితే, మా ఊళ్ళె అంగడి వారానికి ఒక్కపారేగద బిడ్డా, అంగడి నాడే ఏసుకుంట అన్నది. ఆ గోలీల పట్టీని కూరగాయల సంచిలో పెట్టింది. అంగడికి పోయే రోజునే ఆ సంచి కొయ్య మీదినుంచి దిగుతుంది. ఫోలిక్ ఆమ్లం పొయ్యి పక్కన ఉప్పు డబ్బా దగ్గర ఉంటుంది. గోలీ చేతికిచ్చేది చెల్లె, లెక్కపెట్టేది నాయిన, సాయంత్రం ఫోను చేసి అడిగేది నేను.

నాయిన కంప్యూటర్ కోర్సు మాట ఇంకా వదలలేదు. ఆయన చెప్పేది తప్పని నేను అనను. పత్తి ధర ఆయనకు తెలుసు, నాకు తెలిసింది తక్కువ. నేను మాత్రం ఎం.యస్సీ. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాను. ఆ సంగతి నాయినకు ఇంకా చెప్పలేదు. వచ్చే అంగడి నాడు ఫోనులో గోలీ సంగతి అడిగాక ఇది కూడా చెబుదామనుకుంటున్నాను.